తొందరయ్య నడిచిన గీత

ఆ వీధిలో ఆమెను అందరూ ఆపరేటరమ్మ అంటారు. ఆమె భర్తను ఆపరేటరమ్మగారి ఆయన అంటారు. నిజానికి ఆయనా ఆపరేటరే, ఆ పంపుహౌసులోనే, ఆ పంపు మీదే. కాకపోతే ఉద్యోగంలో ఆమె మూడేళ్లు ముందు చేరింది కాబట్టి పేరు ఆమెకు దక్కింది, ఆయనకు చుట్టరికం దక్కింది. ఆయన ఆ సంగతికి ఎన్నడూ నొచ్చుకోలేదు. నొచ్చుకునే తీరిక కూడా ఉండాలి కదా.

పంపుహౌసు అంటే ఊరికంతటికీ నీళ్లు ఎక్కించే చోటు. కింద నీళ్ల తొట్టి, గుట్ట మీద ట్యాంకు, మధ్యలో రాత్రనక పగలనక హోరెత్తే మోటారు. గంటకోసారి ట్యాంకు మట్టం చూపే ముల్లు ఎక్కడుందో చూసి రిజిస్టరులో రాయాలి. ఒక మనిషి ఎప్పుడూ అక్కడ ఉండి తీరాలి. మునుపు ముగ్గురుండేవారు. మూడోవాడైన పెద్దాయన రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. ఆయన కుర్చీ ఖాళీ అయింది గానీ ఆయన ఎనిమిది గంటలు ఖాళీగా ఉండవు కదా, అవి వీళ్లిద్దరి నెత్తిన పడ్డాయి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఒకరు, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా ఒకరు. పగలు ఆయనది, రాత్రి ఆమెది. ఒకరు సెలవు పెడితే రెండోవాళ్లు ఇరవైనాలుగు గంటలు నిలబడాలి. అందుకని ఇద్దరూ సెలవు అనే మాటే మరిచిపోయారు.

పంపుహౌసుకీ క్వార్టర్సుకీ మధ్య నలభై అడుగులు. ఆ నలభై అడుగుల్లోనే రెండేళ్ల కాపురం సాగింది. ఒకే మంచం మీద పడుకుంటారు, ఆమె పగలు, ఆయన రాత్రి. ఒకే గిన్నెలో తింటారు, ఆమె వండి మూత పెడితే ఆయన తీస్తాడు, ఆయన వండితే ఆమె. పెళ్లయి పదకొండేళ్లయినా కొట్లాటలు లేవేమిటని అక్క ఒకసారి అడిగితే, "కొట్లాడాలంటే ఇద్దరుండాలి కదే" అంది ఆపరేటరమ్మ. అక్క నవ్వింది. ఆమె నవ్వలేదు.

రోజుకు రెండుసార్లు, డ్యూటీ మారేటప్పుడు, ఓ పది నిమిషాలు ఇద్దరూ ఎదురుపడతారు. అదీ మోటారు పక్కన. దాని హోరులో మామూలుగా మాట్లాడితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అందుకని అరుస్తారు.

"షాఫ్టు దగ్గర నీళ్లు కారుతున్నాయి!"

"బిగించారా?"

"బిగించాను. పాలు విరిగాయి, పారబోశాను!"

"సరే, వెళ్లి పడుకోండి!"

ఆరోగ్యం, సరుకులు, షాఫ్టు, పాలు. రెండేళ్లుగా వాళ్లు చెప్పుకున్నవన్నీ అరిచి చెప్పగలిగిన మాటలే.

ఇలాంటి ఇంట్లోకి ఆ ఆటను తెచ్చింది అక్క కూతురు. పరీక్షలయ్యాక వారం రోజులుండటానికి వచ్చి, పిన్ని పగలు నిద్రపోతుంటే, బాబాయ్ రాత్రి నిద్రపోతుంటే, మాట్లాడే దిక్కులేక పాత ట్యాబ్లెట్టులో ఒక ఆట దించుకుని ఆడింది. వెళ్లేటప్పుడు ట్యాబ్లెట్టు వాళ్లకే వదిలేసి, "పిన్నీ, ఇది చాలా తేలిక. జంతువు ఎక్కి తిరగడమే. ఎడమ బొటనవేలితో నడపాలి, కుడి బొటనవేలితో చూపు తిప్పాలి. అంతే" అని చెప్పింది. తనకైతే రెక్కల జంతువుందట, కొండల మీద ఎగురుతుందట. కొత్తవాళ్లకు ఇచ్చేది వేరే.

ఆ వేరేదాని ఒళ్లు ఏనుగంత, తొందర నత్తంత. వీపు మీద గడ్డి మొలిచి ఉంటుంది. అడుగు వేసే ముందు ఓసారి ఆలోచిస్తుంది. ఆయన దానికి తొందరయ్య అని పేరు పెట్టాడు.

ఆ లోకం పటం చూస్తే అంతా తెల్లటి మంచు. జంతువెక్కి ఎటు వెళితే అటు, ఒక బాట మేర, మంచు విడిపోయి కింద ఉన్నది బయటపడుతుంది. మొదట ఆయనే ఆడాడు, ఓ సాయంత్రం, తిండి అరిగేదాకా అని. ఆట ఆపినప్పుడు తొందరయ్య ఎక్కడుంటే అక్కడే నిలబడి ఉంటాడు. మర్నాడు మధ్యాహ్నం ఆమె నిద్ర లేచి, ఏమిటో చూద్దామని తెరిచేసరికి తొందరయ్య ఒక వంతెన మీద నిలబడి కింద పారే ఏటిలోకి చూస్తున్నాడు. ఆయన అలా నిలబెట్టి వెళ్లాడన్నమాట. ఆమె ఆ ఏటిని చాలాసేపు చూసింది. పెళ్లయిన కొత్తలో ఆయన ఎక్కడ వంతెన కనిపించినా సైకిలు ఆపేవాడు. ఆ సంగతి ఆమెకు ఏళ్ల తర్వాత గుర్తొచ్చింది.

తొందరయ్యను ఏరు దాటించి, అవతల గట్టున ఒంటరిగా ఉన్న ఇంటి ముందు నిలబెట్టి ఆట ఆపింది. ఆ సాయంత్రం డ్యూటీ మారేటప్పుడు దాని గురించి ఒక్క మాటా అనలేదు. మర్నాడు చూస్తే ఆ ఇంటి పెరట్లో ఉన్నాడు తొందరయ్య. పెరట్లో బావి ఉంది. బావికి పంపు లేదు, చేద ఉంది. ఆమె ఒక్కతే కూర్చుని పడీపడీ నవ్వింది.

అలా మొదలైంది. అక్క కూతురు ఫోనులో ఎంత మొత్తుకుందో. "పిన్నీ, మేకలాంటిది తీసుకోండి, కొండలెక్కుతుంది. కోడిలాంటిది తీసుకోండి, గుర్రం కన్నా ముందుంటుంది." వీళ్లు వినలేదు. కొత్త జంతువు ఎక్కితే పాతది తిరిగి శాలకు వెళ్లిపోతుంది. అప్పుడు రెండోవాళ్లు ఎక్కడ ఆగారో, ఎటు చూస్తూ ఆగారో తెలిసేదెలా? ఉత్తరం చింపేసి కొత్త కలం కొనుక్కున్నట్టుంటుంది. అందుకని రెండేళ్ల మాటల కరువు పాపం తొందరయ్య వీపునెక్కింది.

మంచు విడిన బాటలు చూస్తే ఏది ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. ఆమె బాట పైపులైను వేసినట్టు, మలుపు దగ్గర మాత్రమే తిరుగుతుంది. ఆయనది పిల్లాడు బడికి వెళ్లిన దారి. ప్రతి చెట్టు దగ్గరా ఓ చుట్టు, ప్రతి రాయి దగ్గరా ఓ ఆగడం. కిలోమీటరు దూరానికి మూడు రోజులు తీసుకుంటాడు. ఆమె ఆ వంకర బాటల మీద వేలు పెట్టి నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్లేది. ఇక్కడ ఆగారు. ఇక్కడ వెనక్కి వచ్చారు. ఇదిగో, ఇక్కడేదో చూసి మురిసిపోయారు. పక్కన మనిషి లేకపోతే మనిషి నడిచిన దారితోనైనా సరిపెట్టుకోవాలి కదా.

చివరికి పటంలో పడమటి అంచు ఒక్కటి మిగిలింది. అక్కడ సముద్రం ఉందని అక్క కూతురు చెప్పింది. ఆ సాయంత్రం రిజిస్టరు చేతికిస్తూ ఆయన మొదటిసారి ఆట మాట ఎత్తాడు.

"సముద్రం ఒక్కళ్లం చూడొద్దు!"

"ఏమిటీ?"

"సముద్రం! మూడో మనిషి వచ్చాక! ఇద్దరం కలిసి!"

ఆమె తలూపింది. అరవాల్సిన అవసరం లేకుండా చెప్పగలిగిన జవాబు అదొక్కటే.

మూడో మనిషి వచ్చే నెల ఒకటో తారీఖున వస్తాడని సూపర్వైజరు చెప్పి ఉన్నాడు. ముగ్గురైతే ఎనిమిదేసి గంటలు. అంటే రోజులో ఎనిమిది గంటలు ఇద్దరూ ఇంట్లో ఉండొచ్చు. ఎనిమిది గంటలు! ఆమె వాటిని ఎలా ఖర్చుపెట్టాలో ఆలోచిస్తూ రాత్రి డ్యూటీలు గడిపేసింది. ఒక గంట ఊరికే కూర్చోవాలి. ఒక గంట వాదించుకోవాలి. మిగిలిన గంటలు సముద్రం. తొందరయ్య ఆ వారమంతా పడమటి అడవి అంచున ఒకే చోట నిలబడి ఉన్నాడు. ఇద్దరిలో ఎవరూ ముందుకు నడపలేదు.

ఒకటో తారీఖున సూపర్వైజరు సాయంత్రం ఆరింటికే వచ్చాడు, ఇద్దరూ ఒకేచోట దొరికే వేళ అదొక్కటే అని. వెంట ఎవరూ లేరు. చేతిలో కాగితం ఉంది.

"మూడో పోస్టు తీసేశారమ్మా!" అని మోటారు హోరు మీదుగా అరిచాడు.

"ఎందుకని?"

"మీ రిజిస్టర్లే చూశారు! రెండేళ్లలో ఒక్క గంట కూడా ఖాళీ లేదు, ఒక్కసారి పంపు ఆగలేదు! ఇద్దరితో ఇంత బాగా నడుస్తుంటే మూడోవాడెందుకు అన్నారు! మిమ్మల్ని మెచ్చుకున్నారు కూడా!"

నడిచే ఎద్దునే పొడుస్తారంటే ఇదే. ఆమె ఆ రిజిస్టరు వైపు చూసింది. ప్రతి గంటకూ ఒక అంకె, ప్రతి అంకె పక్కనా సంతకం, కొట్టివేత ఒక్కటి లేదు. అంత ముద్దుగా రాసుకున్న రాతే మెడకు చుట్టుకుంది.  సూపర్వైజరు వెళ్లిపోయాక ఆయన, "షాఫ్టు చూస్తూ ఉండు" అని మాత్రం అని ఇంటికి నడిచాడు. ఆ నలభై అడుగులూ నడవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

మర్నాడు పొద్దున డ్యూటీకి వచ్చినప్పుడు ఆయన ముఖం అదోలా ఉంది. కళ్లు కలపలేదు. రిజిస్టరు అందుకుని, "వెళ్లు" అన్నాడు. ఆమె ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, పడుకునే ముందు అలవాటుగా ట్యాబ్లెట్టు తెరిచింది.

తెర నిండా నీలం. తొందరయ్య పొట్టదాకా నీళ్లలో నిలబడి ఉన్నాడు.

ఆమె చప్పున అరచేతితో తెరను కప్పేసింది. అరికాలి మంట నెత్తికెక్కింది. చూసేశాడు. మూడో మనిషి రాడని తెలియగానే, ఇక ఎదురుచూసేదేముందని, ఒక్కడే వెళ్లి చూసేశాడు. వంతెన, బావి, ఇన్ని నెలల ఇదంతా ఒట్టిదేనన్నమాట. అందుకేనా కళ్లు కలపలేదు! పంపుహౌసుకు వెళ్లి నాలుగు మాటలు అందామని గుమ్మం దాకా వెళ్లి ఆగింది. అవి అరిచి అనాల్సిన మాటలు కావు. అరిస్తే ఒట్టి కోపంలా వినిపిస్తాయి. తనకున్నది కోపం ఒక్కటే కాదు.

వెనక్కి వచ్చి, సముద్రం కనపడకుండా ఒక చేయి అడ్డుపెట్టి పటం తెరిచింది. ఏ దారిన వెళ్లాడో, ఎక్కడెక్కడ ఆగి మురిసిపోయాడో చూసి ఆ కోపాన్ని ఇంకాస్త ఎగదోసుకుందామని. మనిషికి కోపమొచ్చినప్పుడు చేసే తెలివైన పనులు ఇలాగే ఉంటాయి.

అడవి అంచు నుంచి నీళ్లదాకా ఒక గీత ఉంది. బద్దపెట్టి గీసినట్టు తిన్నటి గీత. బురదలోంచి, ముళ్లపొదల్లోంచి, ఒక పల్లె నడిబొడ్డులోంచి, ఎక్కడా ఒక చుట్టు లేదు, ఒక ఆగడం లేదు.

పంపుహౌసులో ఒక పరికరం ఉంది. గుండ్రటి కాగితం మీద ఒక పెన్ను నీళ్ల ఒత్తిడిని గీస్తూ తిరుగుతుంటుంది. గీత సన్నగా వణుకుతుంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. కొత్తవాళ్లు గీత తిన్నగా ఉంటే బాగుందనుకుంటారు. పాతవాళ్లకు తెలుసు, తిన్నటి గీత మంచిది కాదని. పెన్ను ఇరుక్కుపోయింది, చూసుకోవాల్సిన మనిషి చూడట్లేదు, దానర్థం అంతే. ఆమెకు పద్నాలుగేళ్లుగా ఆ గీతలు చదవడమే పని.

ఆమె అరచేయి కింద పెట్టేసింది. ఆయన చూడలేదు. ఆయన నడపనే లేదు. ట్యాబ్లెట్టు పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. బొటనవేలు తెరమీదే ఉండిపోయింది. తొందరయ్య, నిద్రపోతున్న మనిషిని మోసుకుంటూ, ఎవరూ ఆగమనలేదు కాబట్టి ఆగకుండా, నీళ్లు అడ్డం వచ్చేదాకా నడిచాడు. దాని నడకకు ఆ దూరం ఆరేడు గంటలు.

వంటింట్లోకి వెళ్లి చూసింది. కుర్చీ గోడవైపు తిప్పి ఉంది, చార్జరు తీగ అందేటట్టు. పళ్లెం మీద మూత తీయలేదు. పడకగదిలో మంచం మీద దుప్పటి నిన్న ఆమె మడత పెట్టినట్టే ఉంది, ముడత పడలేదు. ఆమె మంచం అంచున కూర్చుంది. ఏడవలేదు గానీ, పడుకోనూ లేదు. కళ్లు మూస్తే చాలు, కుర్చీలో తల వాల్చిన మనిషి, మంచులోంచి ఆయన్ను మోసుకెళుతున్న ఆ పిచ్చి జంతువు కనిపిస్తున్నాయి. ఆయన పక్కన ఉండాలనిపించింది. రెండేళ్లలో ఎన్నోసార్లు అనిపించింది గానీ, ఇంతగా ఎప్పుడూ అనిపించలేదు.

మధ్యాహ్నం మూడున్నరకు ట్యాబ్లెట్టు చంకన పెట్టుకుని పంపుహౌసుకు నడిచింది. ఆమెను చూసి ఆయన గాభరాగా లేచాడు.

"ఏమైంది? పడుకోలేదా?"

"సముద్రం చూశారా?"

"లేదు! లేచేసరికి ఎదురుగా నీళ్లు! వెంటనే కళ్లు మూసుకుని ఆపేశాను! ఒట్టు!"

కళ్లు మూసుకుని ట్యాబ్లెట్టు మీట కోసం తడుముకునే మొగుణ్ణి తలుచుకుంటే ఇంకోరోజైతే నవ్వొచ్చేది. ఆమె గోడ మీద ట్యాంకు మట్టం చూపించే ముల్లు దగ్గరకు వెళ్లింది. ట్యాంకు నిండుగా ఉంది. మోటారు ఆగినా రెండు గంటలు ఊళ్లో ఏ కుళాయికీ లోటు ఉండదు. మళ్లీ ఓసారి చూసి ఖాయం చేసుకుంది. తర్వాత పెద్ద చక్రం రెండు చేతులతో పట్టుకుని, పైపులు అదరకుండా నెమ్మదిగా, ఒక్కో చుట్టూ తిప్పుతూ వాల్వు మూసింది.

"ఏం చేస్తున్నావు?"

ఆమె ఎర్ర మీట నొక్కింది.

మోటారు ఓ నిమిషం మూలిగి, తిరిగి తిరిగి ఆగింది. ఆమె రిజిస్టరు ముందుకు లాక్కుని రాసింది. "3.40. పంపు ఆపడమైనది. కారణం: ఆపరేటర్లు ఇద్దరే ఉన్నందున." కింద సంతకం పెట్టింది.  రెండేళ్లలో మొదటి ఖాళీ అది.

"రిజిస్టరులో కూడా రాశావా! సూపర్వైజరు చూస్తే ఏమంటాడు!"

"అరవకండి. వినిపిస్తోంది."

 గది అంతా నిశ్శబ్దం. ఎక్కడో నీటిబొట్టు పడుతోంది. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. ఆయన గొంతు సవరించుకుని, మెల్లగా, అలవాటు తప్పిన పనిలా, "చూస్తే ఏమంటాడు" అన్నాడు. ఆ గొంతు బొంగురుపోయి ఉంది. అది ఎప్పుడు అలా అయిందో ఆమెకు తెలియదు.

"ఏమన్నా అననివ్వండి. అడిగితే చెబుదాం."

గుమ్మం మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. ట్యాబ్లెట్టు ఇద్దరి మోకాళ్ల మీద పెట్టి తెరిచింది. ఎడమవైపు ఆయన బొటనవేలు, నడపడానికి. కుడివైపు ఆమెది, చూడటానికి. తొందరయ్య నీళ్లలోంచి వెనక్కి నాలుగడుగులు వేసి, ఆలోచించి, ఇసుక మీద నిలబడ్డాడు. ఆమె చూపు పైకి తిప్పింది. మంచు విడిపోయింది. అంచుదాకా నీళ్లు, వాటి మీద ఎండ, చిన్న చిన్న అలలు. అలల చప్పుడు కూడా ఉంది.

"ఎటు నడపను?" అన్నాడాయన.

"ఎటూ వద్దు. ఉండనివ్వండి."

కాసేపు చూశారు. ఆమె భుజానికి ఆయన భుజం ఆనింది. మంచం మీద దుప్పటి ముడత పడలేదేమని అడిగింది, అలలనే చూస్తూ. రాత్రి కుర్చీలో నిద్ర పట్టేసిందని తెలుసు, కానీ అంత అలిసిపోయినవాళ్లు ముందు పోయి పడుకోవద్దా అంది.



"ఆ మంచం మీద నాకు నిద్ర పట్టదు" అన్నాడాయన. "చాలా నెలలైంది. నువ్వు లేచి వెళ్లిన వెచ్చదనం కాసేపు ఉంటుంది కదా, అది పోయాక ఇక పట్టదు. అందుకని కుర్చీలోనే పడుకుంటాను. పొద్దున దుప్పటి కాస్త నలిపి వస్తాను, నీకు తెలియకూడదని. నిన్న ముట్టనే లేదు."

ఆమె తెర మీద నుంచి వేలు తీసేసింది.

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"ఇది ఎలా అరిచి చెప్పను?"

లోపల ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆయన అలవాటుగా లేవబోయాడు. ఆమె మోచేయి పట్టుకుని కూర్చోబెట్టింది. ఫోను మోగి మోగి ఊరుకుంది.

"ట్యాంకులో రెండు గంటల నీళ్లున్నాయి" అందామె. "అరవడం కుదరక ఏమేం దాచుకున్నారో, అన్నీ చెప్పండి."